అమ్మకు చెప్పిన లారా కథలు

మా ఇంట్లో ఒక ఆవకాయ జాడీ ఉంది. గోధుమరంగు మెడ, తెల్లటి పొట్ట. మూతి దగ్గర చిటికెన వేలి గోరంత పెచ్చు ఊడింది. 1975లో తెనాలి దగ్గరి మా ఊరి నుంచి కర్ణాటకలో సింధనూరు పక్కన, ఆంధ్ర నుంచి వలసవెళ్ళిన రైతులు ఉండే క్యాంపుకి లారీలో వచ్చేటప్పుడు, అమ్మ ఆ జాడీని వరిగడ్డిలో చుట్టి, పాత దుప్పటిలో మూటగట్టి, రెండు రాత్రులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకప్పుడు ఐదేళ్ళు. తల పెట్టుకుందామంటే అమ్మ ఒడిలో చోటు లేదని దారంతా ఏడ్చానట. బళ్ళారి దాటాక లారీ ఏదో గోతిలో పడ్డప్పుడు ఆ పెచ్చు ఊడింది. ఆ సంగతి అమ్మ ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతుంది.

పిల్లల పుస్తకాలు రాసిన అమెరికా రచయిత్రి లారా ఇంగాల్స్ వైల్డర్ గురించి రాద్దామని కూర్చుని జాడీతో మొదలుపెట్టాను. నాకు ఆ రచయిత్రి పుస్తకాలు మొదట అర్థమైంది ఆ జాడీ వల్లే.

1983 వేసవిలో మా చిన్న మావయ్య విజయవాడ నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చాడు. వస్తూ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. అట్ట సగం చిరిగి ఉంది. పేరు ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’. లోపల గార్త్ విలియమ్స్ గీసిన పెన్సిల్ బొమ్మలు. గడ్డి మైదానం, గుర్రాలు కట్టిన గూడుబండి, బండి వెనక గుడ్డలోంచి తొంగిచూస్తున్న ఇద్దరు ఆడపిల్లలు. “వీళ్ళూ మీలాగే ఉన్న ఊరు వదిలి సామాను కట్టుకుని పోతున్నారే, నీకు నచ్చుతుందని తెచ్చాను” అన్నాడు మావయ్య. ఆయన కూడా ఆ పుస్తకం చదవలేదు, బొమ్మలు చూసి కొన్నాడు.

నేను చదివేది కన్నడ బడిలో. తెలుగు అమ్మ పెద్దబాలశిక్ష పెట్టి ఇంట్లో నేర్పింది. ఇంగ్లీషు ఐదో తరగతిలో మొదలైంది, అదీ అంతంతమాత్రం. పదమూడేళ్ళ పిల్లకి ఆ పుస్తకం చదవడం అంత తేలిక కాదు. మావయ్య వదిలి వెళ్ళిన శంకరనారాయణ నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకి నాలుగైదు పేజీలు చదివేదాన్ని. రాత్రి అన్నాలయ్యాక కరెంటు పోయేది. అమ్మ వసారాలో లాంతరు దగ్గర చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది, నాన్న పగ్గం పేనుకుంటూ ఉండేవాడు, తమ్ముడు అమ్మ తొడ మీద తల పెట్టుకునేవాడు. పగలు చదివింది రాత్రి వాళ్ళకి తెలుగులో చెప్పడం అలా మొదలైంది. అమ్మకి ఇంగ్లీషు అక్షరం రాదు. కానీ కథలో ఒక్క మెట్టు దాటేసినా పట్టుకునేది. “ఆగు, నది దాటారు సరే, గుర్రాలకి దాణా ఎక్కడిది?” అని అడిగేది. దానికోసం మర్నాడు మళ్ళీ పుస్తకం తిప్పేదాన్ని. నేను ఆ పుస్తకాన్ని ఒంటరిగా చదివిన రోజు లేదు.

మొదట పట్టుకున్నది పింగాణీ బొమ్మ సంగతే. లారా వాళ్ళమ్మ దగ్గర గొర్రెల కాపరి పిల్ల బొమ్మ ఒకటి ఉంటుంది, చిన్నది, పింగాణీది. విస్కాన్సిన్ అడవుల్లోంచి కాన్సాస్ మైదానాల దాకా ఆ బొమ్మ బండిలో వాళ్ళతోనే వస్తుంది. కానీ దాన్ని వెంటనే బయటికి తీయరు. నాన్న దుంగలతో గోడలు లేపాలి, తలుపు పెట్టాలి, పొయ్యి కట్టాలి. అప్పుడు గానీ అమ్మ మూట విప్పి ఆ బొమ్మని పొయ్యి మీది పలక మీద నిలబెట్టదు. ఇది చెబుతుంటే చింతపండు మీద అమ్మ చేతులు ఆగిపోయాయి. మేము క్యాంపుకి వచ్చిన మొదటి ఏడాది జొన్నచొప్ప గుడిసెలో ఉన్నాం. ఆ ఏడాదంతా జాడీ దుప్పటి మూటలోనే, ధాన్యం బస్తాల వెనకే ఉండిపోయింది. రెండో ఏడు మట్టిగోడల ఇల్లు కట్టి, గోడలో గూడు పెట్టాక అమ్మ దాన్ని కడిగి, తుడిచి, ఆ గూట్లో పెట్టింది. ఆ రోజు నాకు గుర్తుంది. వంటకి ఆలస్యమైంది, అమ్మ అటూ ఇటూ నడుస్తూ దాన్నే చూసుకుంటూ ఉంది. మా అమ్మ చేసిన పని దూరదేశంలో ఎవరో వందేళ్ళ కిందట చేశారని, దాన్ని ఒకరు పుస్తకంలో రాశారని తెలియడం ఆ వయసులో నాకు పెద్ద విషయం. మా క్యాంపులాంటి చోట బతుకు గురించి ఎవరైనా రాస్తారని నేను అంతవరకు అనుకోలేదు. చందమామలో రాజులు, రాజకుమార్తెలు, మంత్రులు ఉండేవాళ్ళు. గోడకి మట్టి మెత్తే అమ్మలు కనపడేవాళ్ళు కాదు.

ఎప్పుడూ చెవి ఒగ్గని నాన్న కూడా తలుపు అధ్యాయం దగ్గర పగ్గం పక్కన పెట్టాడు. లారా తండ్రి ఒక్క మేకు కూడా లేకుండా తలుపు చేస్తాడు. చెక్కలకి రంధ్రాలు పెట్టి, కొయ్య సీలలు దిగగొట్టి, తోలుపట్టీలతో బందులు వేస్తాడు. తలుపు లోపలివైపు అడ్డంగా ఒక కొయ్య గడియ. తలుపు మూస్తే అది దానంతటదే వచ్చి గోడకున్న కొక్కెంలో పడుతుంది. దానికి ఒక తాడు కట్టి, తలుపుకి పెట్టిన చిన్న రంధ్రంలోంచి బయటికి వదులుతాడు. బయటినుంచి తాడు లాగితే గడియ లేస్తుంది. రాత్రి ఆ తాడు లోపలికి లాక్కుంటే ఇక బయటివాడు తెరవలేడు. ఈ పది వాక్యాలు సరిగ్గా చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. నాన్న ప్రశ్న మీద ప్రశ్న వేసేవాడు, నేను నిఘంటువులో వెతికేదాన్ని, చివరికి నేల మీద బొగ్గుతో గీసి చూపించాను. వారం తిరగకుండా మా దూడల కొట్టానికి అలాంటి గడియే వచ్చింది. తుమ్మకొయ్య గడియ, గోనె దారంతో పేనిన తాడు. తమ్ముడు రోజంతా బయట నిలబడి లాగుతూ, వదులుతూ ఉండేవాడు. అది పడ్డప్పుడు వచ్చే టక్కుమనే చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది.

తర్వాత చలిజ్వరం. ఇంట్లో అందరూ ఒకేసారి వణుకుతూ పడిపోతారు, నీళ్ళిచ్చే దిక్కుండదు, చిన్న లారా నేల మీద పాకుతూ వెళ్ళి అక్కకి నీళ్ళు అందిస్తుంది. ఒసేజ్ అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళకి వైద్యం చేసే ఒక నల్లజాతి డాక్టరు దారినపోతూ చూసి, చేదుమందు మింగించి వాళ్ళని బతికిస్తాడు. డాక్టర్ టాన్ నిజంగా ఉన్న మనిషి. పక్కింటావిడ మాత్రం ఏటిపక్కన పండిన పుచ్చకాయలు తిన్నందుకే జ్వరం వచ్చిందని నమ్ముతుంది. దోమల వల్ల వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. కాలవనీళ్ళు వచ్చాక మా క్యాంపులోనూ దోమలు, మలేరియా రెండూ వచ్చాయి. ఆ చేదు ఎలా ఉంటుందో మాకు నిఘంటువు చెప్పనక్కర్లేదు. “ఆ పిల్ల పాకుతూ వెళ్ళి నీళ్ళిచ్చింది చూడు” అంటూ అమ్మ చాలాసేపు తమ్ముడి తల నిమిరింది.

క్రిస్మస్ కథ చెప్పిన రాత్రి ఇంకా బాగా గుర్తు. ఏరు పొంగి ఉంది, ఈసారి బహుమతులు రావని పిల్లలు సరిపెట్టుకున్నారు. పొరుగున ఒంటరిగా ఉండే ఎడ్వర్డ్స్ అనే ఆయన బట్టలు తలకి కట్టుకుని ఆ చలిలో ఏరు ఈది వస్తాడు. ఒక్కో పిల్లకి ఒక రేకు కప్పు, ఒక పిప్పరమెంటు పుల్ల, తెల్లపిండితో చేసిన చిన్న కేకు, ఒక పైసా నాణెం. అంతే. ఇకమీదట ఒకే కప్పుతో ఇద్దరూ తాగక్కర్లేదు, ఎవరి కప్పు వాళ్ళదే, అని ఆ పిల్లలకి మాట రాదు. మా ఇంట్లోనూ నాకూ తమ్ముడికీ ఒకటే గ్లాసు. ఆ ఏడు పంట అమ్మాక అమ్మ సింధనూరు వెళ్ళి రెండు స్టీలు గ్లాసులు కొని, మా ఇద్దరి పేర్లూ విడివిడిగా కొట్టించి తెచ్చింది. కొట్టినతను కన్నడిగుడు. నా పేరులో తెలుగు తలకట్టు బదులు కన్నడ తలకట్టు పెట్టాడు. ఆ గ్లాసు ఇప్పుడు హైదరాబాదులో నా వంటింట్లో ఉంది.

ఆ పుస్తకం ఒక వరసలో మూడోదని నాకు చాలా ఏళ్ళదాకా తెలియదు. హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద వెతికి వెతికి మిగతావి ఒక్కొక్కటే సంపాదించాను. సెలవులకి ఇంటికి వెళ్ళేటప్పుడు సంచిలో ఒక లారా పుస్తకం ఉండటం ఆనవాయితీ అయింది. ఒకసారి దొరకలేదు. బస్సు దిగగానే అమ్మ చూపు నా సంచి మీదికి వెళ్ళింది. ఆ తర్వాత ఉత్తచేతులతో వెళ్ళడానికి మనసొప్పలేదు.

అప్పటికి రచయిత్రి గురించి కూడా తెలుసుకుంటున్నాను. లారా 1867లో విస్కాన్సిన్‌లో పెపిన్ దగ్గర పుట్టింది. మొదటి పుస్తకం ‘లిటిల్ హౌస్ ఇన్ ద బిగ్ వుడ్స్’ అచ్చయింది 1932లో. అంటే అరవై ఐదేళ్ళ వయసులో. అంతకుముందు మిస్సోరీలో మాన్స్‌ఫీల్డ్ దగ్గర భర్త అల్మాంజోతో కలిసి వ్యవసాయం చేసుకుంటూ, కోళ్ళు పెంచుకుంటూ, ఒక రైతుల పత్రికకి వ్యాసాలు రాసేది. 1929లో అమెరికా మార్కెట్లు కుప్పకూలినప్పుడు దాచుకున్న సొమ్ము పోయింది. తన బాల్యం గురించి పెద్దవాళ్ళ కోసం రాసిన ఆత్మకథను ఎవరూ అచ్చువేయలేదు. దానిలోంచే పిల్లల పుస్తకాలు పుట్టాయి. పెన్సిలుతో, గీతల కాగితాల మీద రాసేది. అప్పటికే పేరున్న రచయిత్రి అయిన కూతురు రోజ్ ఆ రాతలను సరిదిద్దేది. ఎవరిది ఎంత అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదనలో నాకు ఆసక్తి లేదు. ఇద్దరూ తల్లీకూతుళ్ళు, ఒకరు చెప్పారు, ఒకరు దిద్దారు. మా వసారాలోనూ అంతే కదా.

నన్ను ఎక్కువగా కదిలించింది అక్క మేరీ సంగతి. 1879లో, పద్నాలుగేళ్ళ వయసులో, జబ్బు చేసి మేరీ చూపు పోతుంది. పుస్తకంలో స్కార్లెట్ జ్వరమని ఉంటుంది గానీ, మెదడుకి సోకిన వైరస్ జబ్బు అయ్యుండాలని 2013లో వైద్యులు ఒక పరిశోధనలో తేల్చారు. తండ్రి లారాని పిలిచి, ఇక నువ్వే అక్కకి కళ్ళు అంటాడు. అప్పటినుంచి రైలు పెట్టెలో కూర్చున్నా, బయట వెన్నెల్లో నిలబడ్డా, లారా కనపడేదంతా మాటల్లో పెట్టి అక్కకి చెబుతూ ఉంటుంది. సీటు గుడ్డ రంగు, ఎదురుగా కూర్చున్నాయన బట్టతల మీద ఎండ, అన్నీ. ఒక్కోసారి అక్క మందలిస్తుంది, ఉన్నదున్నట్టు చెప్పు, కల్పించకు అని. ఆ పుస్తకాల్లో ప్రతి వస్తువూ అంత స్పష్టంగా ఎందుకు కనపడుతుందో నాకు అక్కడ తెలిసింది. చూడలేని మనిషికి చెప్పి చెప్పి అలవాటైన గొంతు అది.

‘ఆన్ ద బ్యాంక్స్ ఆఫ్ ప్లమ్ క్రీక్’ మాత్రం నేను అమ్మానాన్నలకి వెంటనే చెప్పలేకపోయాను. మిన్నెసోటాలో వాల్నట్ గ్రోవ్ దగ్గర, ఏటి గట్టులో తవ్విన గుహలాంటి ఇంట్లో వాళ్ళు కాపురం పెడతారు. గోధుమ ఏపుగా ఎదుగుతుంది. పంట చేతికొస్తే తీర్చవచ్చని తండ్రి అప్పు మీద కోత చెక్క, గాజు కిటికీలు తెచ్చి కొత్త ఇల్లు కడతాడు. కోతకి కొద్ది రోజుల ముందు సూర్యుడికి అడ్డంగా మెరుస్తూ ఒక మబ్బు వస్తుంది. మబ్బులోంచి మిడతలు వడగళ్ళలా రాలతాయి. తిన్న చప్పుడు ఇంట్లోకి వినపడుతుంది. గోధుమ, కూరగాయలు, చెట్ల ఆకులు, గడ్డి, ఏదీ మిగలదు. తండ్రి అతుకులు వేసిన బూట్లతో వందల మైళ్ళు నడిచి తూర్పుకి కోత కూలికి పోతాడు. 1874, 75 సంవత్సరాల్లో ఆ మిడతల దండ్లు నిజంగానే ఆ మైదానాలను నాకేశాయి. అంత లెక్కకు మిక్కిలిగా ఉన్న ఆ జాతి ముప్పై ఏళ్ళు తిరగకుండా అంతరించిపోయింది. 1902 తర్వాత ప్రాణంతో ఒక్కటి కూడా కనపడలేదు.

మాకు మిడతలు రాలేదు, దోమపోటు వచ్చింది. పొట్ట మీదున్న వరి మడి మధ్యలో గుండ్రంగా, ఎవరో నిప్పు పెట్టినట్టు ఎండిపోవడం మొదలైంది. ఆ గుండ్రం రోజురోజుకీ పెరిగింది. దుబ్బు కదిలిస్తే మొదట్లో సుడిదోమ పొట్టులా లేచేది. నాన్న కూడా అప్పుచేసి శ్లాబు ఇంటికి పునాది తీసి ఉన్నాడు. ఎరువులు అరువిచ్చిన దుకాణం అతను వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. అడిగి ఉంటే బాగుండేదని అమ్మ తర్వాత అంది. ఆ పునాది మూడేళ్ళు అలాగే ఉంది, మేము దాని మీద గెంతులాడుకునేవాళ్ళం. ప్లమ్ క్రీక్ చదివాక ఆ మిడతల అధ్యాయం వాళ్ళకి చెప్పడానికి ఒక ఏడాది ఆగాను. చెప్పినప్పుడు నాన్న ఒకటే అడిగాడు. “ఆయన కూలికి వెళ్ళి తిరిగొచ్చాడా?” వచ్చాడని చెప్పాను. “ఎన్నాళ్ళకి?” అన్నాడు.

‘ద లాంగ్ వింటర్’ అమ్మకి ప్రాణం. డకోటాలో డి స్మెట్ అనే ఊరు. 1880 అక్టోబరులోనే మొదటి మంచుతుపాను. జనవరి వచ్చేసరికి రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ మేలో గానీ రావు. బొగ్గు లేదు, కిరోసిన్ లేదు, పిండి లేదు. ఎండుగడ్డిని గట్టిగా మెలిపెట్టి కట్టెల్లా చేసి పొయ్యిలో పెడతారు. విత్తనాలకి దాచిన గోధుమలు చిన్న కాఫీమరలో వంతులవారీగా రోజంతా విసిరి, ఆ రవ్వతో రొట్టె చేసుకుంటారు. చలిలో తిరిగి తిరిగి తండ్రి వేళ్ళు బిరుసెక్కి, ఫిడేలు తీగల మీద ఆడవు. ఆ ఇంట్లో ఎన్ని కష్టాలొచ్చినా రాత్రికి ఫిడేలు మోగేది, అదీ ఆగిపోతుంది. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఒకటి ఉంది. యువకుడు అల్మాంజో తన విత్తనపు గోధుమలు ఎవరికంటా పడకుండా గోడ వెనక ఇంకో గోడ కట్టి దాస్తాడు. లారా తండ్రి ఒకరోజు బాల్చీతో వచ్చి, నేరుగా ఆ గోడకున్న బిరడా లాగి గోధుమలు బాల్చీలోకి పట్టుకుంటాడు. ఎంతివ్వాలి అని అడుగుతాడు. ఆకలి ఆ మనిషికి గోడ వెనకది కూడా చూపించింది. అమ్మ అది విని లేచి లోపలికి వెళ్ళి, కాసేపటికి వచ్చి “మళ్ళీ చెప్పు” అంది. ఆ కాఫీమర మన తిరగలిలాంటిదేనా, ఎంతుంటుంది, ఒక రొట్టెకి ఎంతసేపు విసరాలి అని అడిగింది. తిరగలి పట్టిన చేయి కదా.

ఇక అజ్జ గురించి చెప్పాలి. చాలా ఏళ్ళు చెప్పలేదు.

మా పొలం మూలన ఒక వేపచెట్టు ఉండేది. తుంగభద్ర కాలవ రాకముందు ఆ ఆరెకరాలూ జొన్న పండే నల్లరేగడి. దాన్ని నాన్నకి అమ్మిన ముసలాయన్ని మేము కన్నడంలో పిలిచినట్టే అజ్జ అని పిలిచేవాళ్ళం. మెరక చెక్కి, గట్లు వేసి, మడులు కట్టి వరి పెట్టడానికి కావలసిన పెట్టుబడి ఆయన దగ్గర లేదు. ఆ తాలూకాల్లో ఇలా అమ్ముకున్నవాళ్ళు చాలామంది. ఏటా ఎళ్ళ అమావాస్య నాడు, అక్కడి రైతులు పొలానికి వెళ్ళి భూమికి పూజచేసి అక్కడే భోంచేసే పండగ నాడు, అజ్జ సజ్జరొట్టెల మూటతో మా పొలానికి వచ్చేవాడు. వేపచెట్టు కింద దీపం పెట్టి, రొట్టె ముక్కలు నాలుగు దిక్కులా చల్లి, మాకూ పెట్టి వెళ్ళేవాడు. ఆయన కొడుకులు నాట్లకి, కోతలకి మాకే కూలికి వచ్చేవాళ్ళు.

మావయ్య తెచ్చిన లారా పుస్తకం చివర్లో ఒసేజ్‌లు తమ నేల వదిలి వెళ్ళిపోయే దృశ్యం ఉంది. గుర్రాల మీద మగవాళ్ళు, ఆడవాళ్ళు, తల్లుల పక్కన బుట్టల్లో పసిపిల్లలు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇంటి ముందునుంచి ఆ వరస సాగుతూనే ఉంటుంది. ఒక నల్లకళ్ళ పసిపిల్లని చూసి లారా వెక్కి వెక్కి ఏడుస్తుంది. అంతకుముందు ఒక రాత్రి తండ్రిని అడుగుతుంది, ఇది వాళ్ళ నేల కదా, వాళ్ళని పొమ్మంటే కోపం రాదా అని. ఇక ప్రశ్నలు చాలు, పడుకో అంటాడు తండ్రి. ఆ వరస గురించి చెప్పినప్పుడు అమ్మ అడిగింది. “వాళ్ళెక్కడికి వెళ్ళారు?”

“పుస్తకంలో లేదు” అన్నాను.

నేను నాన్న వైపు తిరిగి, మన పొలం అజ్జదేనా అని అడిగాను. “డబ్బిచ్చి కొన్నాం అమ్మా. కాగితాలున్నాయి. పొద్దుపోయింది, పడుకో” అన్నాడు.

రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. నాన్న వెల కట్టి, రిజిస్ట్రీ చేయించుకుని కొన్నాడు. లారా తండ్రి దిగింది ఒసేజ్‌లకి చట్టప్రకారం చెందిన భూమి మీద, వాళ్ళు అమ్మకముందే. కానీ ఆ “పడుకో” అన్న మాట రెండు చోట్లా ఒకేలా వినపడింది.

పెద్దయ్యాక తెలిసింది, పుస్తకం మొదటి కూర్పులో, మొదటి పేజీల్లోనే ఆ దేశంలో మనుషులు లేరు, ఇండియన్లు, అంటే అక్కడి ఆదివాసులు, మాత్రమే ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం ఉండేదని. పదిహేడేళ్ళ పాటు అది ప్రచురణ సంస్థలో ఎవరికీ తప్పుగా తోచలేదు. 1952లో ఒక పాఠకురాలు ప్రచురణకర్తకి ఉత్తరం రాస్తే, లారా అది తన పొరపాటేనని ఒప్పుకుంది. 1953 కూర్పులో మనుషులు అన్నచోట వలస వచ్చినవాళ్ళు అని మార్చారు. అమెరికా గ్రంథాలయ సంఘం వాళ్ళు 1954లో మొదలుపెట్టి, తొలిసారి లారాకే ఇచ్చిన పురస్కారానికి ఆమె పేరే ఉండేది. 2018లో ఆ పేరు తీసేశారు. ఒసేజ్ పిల్ల ఎవరైనా తరగతిలో కూర్చుని ఆ మొదటి కూర్పు వింటే ఎలా ఉంటుందో ఊహించుకున్నాక, తీసేసినందుకు నాకు కోపం రాలేదు. కానీ పుస్తకాలు తీసేయమంటే ఒప్పుకోను. అదే పుస్తకంలో లారా వేసిన ప్రశ్న కూడా ఉంది. తండ్రి దగ్గర దానికి జవాబు లేదని కూడా ఆమే రాసింది. ఈ పుస్తకాలు నా మేనకోడలికి ఇచ్చినప్పుడు లూయీస్ ఎర్డ్రిచ్ రాసిన ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ కూడా జతచేసి ఇచ్చాను. అది ఒజిబ్వే అనే ఆదివాసీ తెగ పిల్ల కథ, గూడుబండ్లు వస్తున్న దిక్కుకి ఎదురుగా నిలబడినవాళ్ళ కథ.

లారా చెప్పనివి ఇంకా ఉన్నాయి. అచ్చువేయకుండా తిప్పి పంపిన ఆత్మకథ ‘పయనీర్ గర్ల్’ చివరికి 2014లో వచ్చింది. నా పుట్టినరోజుకి మా అమ్మాయి తెప్పించి ఇచ్చింది. ఫ్రెడీ అనే తమ్ముడు ఒకడు పుట్టి, తొమ్మిది నెలలకే పోయాడని అందులో ఉంది. పిల్లల పుస్తకాల్లో ఆ తమ్ముడు లేడు. అయోవాలోని బర్ ఓక్‌లో గడిపిన రోజులు లేవు, అక్కడ బాకీ తీర్చలేక రాత్రికి రాత్రి బండి కట్టి వచ్చేసిన సంగతీ లేదు. అది చదివిన రోజు అమ్మకి ఫోను చేసి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తెనాలి దగ్గరి ఊళ్ళో మా తాతయ్య పూచీకత్తు సంతకం పెట్టి ఇరుక్కున్న అప్పు గురించి, ఆ ఇల్లు తెల్లవారుజామున వదలడం గురించి మొదటిసారి చెప్పింది. అప్పటిదాకా సింధనూరు వైపు భూములు చవకని వచ్చామనే మాకు తెలుసు. లారీ రాత్రిపూట ఎందుకు బయల్దేరిందని నేను ఎప్పుడూ అడగలేదు.

2019 వేసవిలో మిన్నియాపొలిస్‌లో ఉన్న మా అమ్మాయి నన్ను వాల్నట్ గ్రోవ్‌కి తీసుకువెళ్ళింది. నైరుతి దిక్కుగా దాదాపు మూడు గంటల ప్రయాణం, రెండువైపులా మొక్కజొన్న, సోయా. ఊరికి ఉత్తరాన ప్లమ్ క్రీక్ ఉంది. గట్టులో తవ్విన ఇల్లు ఎప్పుడో కూలిపోయింది. గడ్డి మొలిచిన పల్లం ఒకటి మిగిలింది, దాని పక్కన ఒక బోర్డు. ఏరు మా పంటకాలవంత కూడా లేదు. చెప్పులు విడిచి దిగాను. అడుగున ఇసుక మెత్తగా, నీళ్ళు చల్లగా ఉన్నాయి. నాన్న అప్పటికి పోయి నాలుగేళ్ళు. గట్టెక్కి అమ్మకి ఫోను చేశాను, అక్కడ రాత్రి పది దాటింది. లారా పాకుతూ దిగిన గట్టు, మిడతలు వాలిన పొలం, అన్నీ వరసగా చెప్పుకొచ్చాను. ఉన్నదున్నట్టు, ఏదీ కల్పించకుండా.

అంతా విని అమ్మ అడిగింది. “అంతకుముందు ఆ నేల ఎవరిదట?”

డకోటా అనే తెగవాళ్ళదని చెప్పాను. 1851లో ఒప్పందం రాయించుకుని తీసుకున్నారని, 1862లో యుద్ధమై, మరుసటేడు వాళ్ళని ఆ రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారని, ఆ తర్వాత పదకొండేళ్ళకి లారా వాళ్ళ బండి వచ్చిందని చెప్పాను. అమ్మ ఊఁ కొడుతూ విన్నది.

“అజ్జ పెద్ద మనవడు మొన్న వచ్చాడు” అంది చివరికి. “వేపచెట్టు కింద దీపం పెట్టుకుంటానంటే పెట్టుకోమన్నాను. వెళ్ళేటప్పుడు జాడీలోంచి కొత్త ఆవకాయ తీసి గిన్నెడు పెట్టి పంపాను.”